వాక్యూం వెంకటరావు కారు బ్రేకులు

ఖరగ్‌పూర్,
3 జూన్ 1962.

గౌరవనీయులైన బావగారికి,

బావమరిది వెంకటరావు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీరూ, మా పోలమ్మప్పా క్షేమమని తలుస్తాను.

నా దగ్గర నుంచి ఉత్తరం చూసి కంగారు పడివుంటారు. ఎవరూ పోలేదు. ఒక కారు వచ్చింది.

మా క్వార్టర్లకి రెండు వీధుల అవతల మెయిలు రైలు నడిపే దొర ఒకాయన ఉండేవారు. నేను ఖలాసీగా చేరిన కొత్తలో చెవి మెలిపెట్టి వాక్యూం బ్రేకు అంటే ఏమిటో నేర్పింది ఆయనే. పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన భార్య ఆలిస్ దొరసాని ఆగస్టులో ఇల్లు ఖాళీ చేసి బెంగుళూరులో చెల్లెలి దగ్గరకి వెళ్లిపోతోంది. దొరగారి కారు షెడ్డులో ఉంది. 1938 నాటి మోరిస్. దాన్ని పాత ఇనుము వాడికి ఇవ్వడానికి ఆమెకి మనసొప్పలేదు. నన్ను పిలిచింది.

“వెంకట్, గాడీ తుమ్ లే లో. లేకిన్ హమ్ జిస్ దిన్ జాయేగా, ఇసీ మే స్టేషన్ జాయేగా” అంది. కారు నువ్వే తీసుకో, నేను ఊరు వదిలే రోజున మాత్రం అందులోనే నన్ను స్టేషనుకి దింపు అని. ఆ రోజు ఆగస్టు పందొమ్మిది.

ఇంజను సంగతి మా రైల్వే వర్క్‌షాపులో తెలిసినవాడొకడు రెండు రోజుల్లో చూసిపెట్టాడు. బ్రేకులు అరిగిపోయాయి, అవి ఎవరు చూస్తారన్నాడు. “బ్రేకులే కదా” అన్నాను. ఆ మాట అన్నప్పుడు అక్కడ పదకొండు మంది ఉన్నారు. అదే నా ఖర్మ.

ముప్పై ఏళ్లుగా రైలు బ్రేకులు బాగు చేస్తున్నవాణ్ణి. ఈ ఊళ్లో నన్ను వాక్యూం వెంకటరావు అంటారు. వెయ్యి టన్నుల గూడ్సుని ఆపే చెయ్యి ఇది. ఆ చెయ్యి వారం రోజులుగా వంటింటి మూకుడంత డ్రమ్ము పట్టుకుని వేలాడుతోంది. డ్రమ్ము చక్రం నుంచి ఊడి రావడం లేదు.

మీది మోటారు షెడ్డు కదా, ఎలా ఊడదీయాలో, ఆ తర్వాత ఏం చెయ్యాలో కాస్త రాయండి. మీ పెళ్లిలో మోటారు మేస్త్రీల గురించి నేనేదో అన్నానట. మీకు గుర్తుండదనే అనుకుంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
వెంకటరావు

తా.క. జవాబు మా ఆవిడ గంగాభవాని పేరున రాయండి. మా పోస్టుమాను, మా షాపు ఫిట్టరూ తోడల్లుళ్లు. నేను బ్రేకుల గురించి ఇంకొకరిని అడిగానని తెలిస్తే ఇక నేను పేరు మార్చుకోవాలి.


విజయనగరం,
11 జూన్ 1962.

చిరంజీవి వెంకటరావుని మీ బావ దేముడు దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. మీ అప్ప ఒకసారి చదివింది. నేను నాలుగుసార్లు చదివాను. “కాస్త రాయండి” అన్న చోట పెన్సిలుతో గీత కూడా గీశాను.

డ్రమ్ము ఊడకపోవడం ఏమంత గొప్ప జబ్బు కాదు. లోపల షూలని వంపు రేకులు దాన్ని పట్టుకుని ఉంటాయి. వెనకవైపున్న మరను వదులు చేసి, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టు. తొందరపడి గట్టిగా కొట్టకు. సమంగా, తాళం తప్పకుండా తట్టాలి. షూల మీద లైనింగు అరిగిపోతే కొత్తది వెయ్యాలి. గొట్టాల్లోకి బ్రేకు నూనె పొయ్యాలి. ఇంజను నూనె పోసేవు, లోపలి రబ్బరంతా ఉబ్బిపోతుంది. అసలు బ్రేకు నూనెలో ఉండేది ఆముదమూ స్పిరిట్టూ అని పెద్దవాళ్లు అంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, గాలి తియ్యాలి. గాలి ఉంటే బ్రేకు పడదు. ఏం చేసినా చెయ్యకపోయినా ముందు గాలి తియ్యి.

ఇంకేమైనా సందేహాలుంటే మొహమాటపడకుండా అడుగు. మాకు ఇవి రోజూ ఉండేవే.

ఇట్లు,
మీ బావ,
దేముడు

తా.క. మా పెళ్లిలో నువ్వన్న మాట నాకు బొత్తిగా గుర్తులేదు. మూడో పంక్తిలో, నా ఎడమ పక్కన కూర్చుని, వంకాయ కూర రెండోసారి వడ్డిస్తుండగా “మోటారు మేస్త్రీదీ ఒక పనేటి బావా” అన్నావు. అంతకుమించి నాకేమీ గుర్తులేదు.


ఖరగ్‌పూర్,
24 జూన్ 1962.

బావగారికి నమస్కారాలతో వెంకటరావు రాసేది.

మీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. కవరు మీద పేరు తనదే కాబట్టి గంగాభవాని విప్పి చదివింది. నేను ఇంటికి వచ్చేసరికి, మా పెరటి షెడ్డుకి తోయించుకొచ్చిన కారు నాలుగు చక్రాల మీదా చతికిలబడి ఉంది.

“ఏటే ఇది?” అన్నాను.

“అన్నయ్య రాసినాడు కదా, అన్నిటికన్నా ముందు గాలి తీయమని. తీసినాను. ఎనకాల కట్టున్న ఉత్త సక్రంలో కూడా తీసినాను” అంది.

నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం ఆ కారుని ముగ్గురం తోసినా అంగుళం కదల్లేదు. నేను ఇంతవరకూ వేసిన కారు బ్రేకుల్లో బాగా పడింది అదొక్కటే.

మీరు చెప్పినట్టు డ్రమ్ముని తాళం తప్పకుండా తట్టాను. ఆదివారం పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా తట్టాను. పక్క క్వార్టరు సుజాతమ్మగారు గోడ మీంచి తొంగి చూసి, “ఏ పండక్కండీ వాయిస్తున్నారు? మా ఆయన తాళాలు వేస్తారు, పంపమంటారా?” అని అడిగింది. వద్దన్నాను. డ్రమ్ము ఊడింది. లైనింగు అరిగి రివెట్లు బయటపడి ఉన్నాయి. ఇక్కడ దొరకడం లేదు. మీరు పంపాలి.

నూనె కోసం గోల్‌బజారులో నగరేశ్వరరావు గారి కొట్టుకి వెళ్లి రెండు సీసాల ఆముదం అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “ఇంత మోతాదు మనిషికి కాదు కదండీ?” అన్నారు. మనిషికి కాదన్నాను. “పోన్లెండి, ఎవరికైతేనేం, త్వరగా నయమవాలి” అన్నారు. మర్నాడు మా ఫోర్‌మన్ నా కడుపు గురించి అడిగాడు. రెండు రోజులు నాకు ఎవరూ బరువు పని చెప్పలేదు. స్పిరిట్టు కొన్న సంగతి బయటికి పొక్కాక మాత్రం ఎవరూ ఏమీ అడగడం లేదు. జాలిగా చూస్తున్నారు. ఆ రెండూ కలిపి గొట్టాల్లో పోశాను.

ఒక్క విషయంలో మాత్రం మీరు పొరబడ్డారనుకుంటాను. రైలు గొట్టంలోంచి మేం గాలి లాగేసి ఉంచుతాం. అలా ఉన్నంతసేపూ చక్రాలు తిరుగుతాయి. గొట్టంలోకి గాలి వదిలితే బ్రేకు పడుతుంది. అంటే గాలే బ్రేకు. ముప్పై ఏళ్లుగా నేను తింటున్న అన్నం ఆ గాలిదే. మీరు తొందరలో తలకిందులుగా రాసి ఉంటారని గొట్టాల్లో గాలి అలాగే ఉంచాను. చాలదేమోనని సైకిలు పంపుతో మరికాస్త కొట్టాను.

ఇట్లు,
వెంకటరావు

తా.క. గంగాభవాని కారెక్కనని ఒట్టు పెట్టుకుంది. “మీరు ఆపే రైలైతే ఎక్కుతాను గానీ, మీరు ఆపే కారు నానెక్కను” అంది.


విజయనగరం,
2 జూలై 1962.

చిరంజీవి వెంకటరావుకి దేముడి దీవెనలు.

లైనింగు రెండు బారలు కొని, పాసింజరు గార్డు చేతికిచ్చి పంపాను. ఎక్కువే ఉంటుంది. మిగిలింది దాచుకో. రాగి రివెట్లు కూడా అందులోనే ఉన్నాయి. రివెట్టు తల లైనింగు కన్నా లోతుకి దిగాలి. లేకపోతే డ్రమ్ముని గీరేస్తుంది.

గాలి విషయం నువ్వు రాసింది చదివి ఆలోచనలో పడ్డాను. రైలుని ఆపేవాడివి, నీకు తెలియకుండా ఉంటుందా? నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

అంతా బిగించాక చక్రం కీచుమని అరవచ్చు. కంగారు పడకు. అరిచే చోట కాస్త గ్రీజు పట్టించు. నోరు మూసుకుంటుంది.

ఇట్లు,
మీ బావ,
దేముడు

తా.క. తమ్ముడూ, నేను మీ పోలమ్మప్పని. మీ బావ నీ ఉత్తరాలు షెడ్డు ముందు నిలబడి పైకి చదువుతున్నారు. టీ కొట్టు దగ్గర జనం కూడుతున్నారు. నీ ఆముదం ఉత్తరం రెండోసారి చదివించుకున్నారు. తర్వాతిది ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. కొంచెం పొడుగ్గా రాయి.


ఖరగ్‌పూర్,
20 జూలై 1962.

బావగారికి నమస్కారాలు.

అప్ప పొడుగ్గా రాయమంది. ఈసారి రాయడానికి సరుకుంది.

లైనింగు అందింది. రివెట్లు లోతుకి దిగేలా కొట్టాను. ఆ పని మాత్రం నాకు వచ్చు. బిగించి చక్రం తిప్పితే కీచుమంది. అరిచే చోట గ్రీజు పెట్టమన్నారు కదా. ఎక్కడ అరుస్తోందో తెలియక షూల మీద లైనింగుకి ఈ చివర నుంచి ఆ చివరకి, ఎనిమిదింటికీ, రొట్టెకి వెన్న రాసినట్టు రాశాను. అరుపు ఆగిపోయింది. ఆ కారులో ఇంతవరకూ ఆగింది ఆ అరుపొక్కటే.

శనివారం సాయంత్రం కారు తీశాను. వర్క్‌షాపు గేటు ముందు రోడ్డు కొంచెం పల్లంగా ఉంటుంది. సరిగ్గా నేను ఆ పల్లం మొదట్లోకి వచ్చేసరికి డ్యూటీ దిగే భోంపు మోగింది. గేటు తెరుచుకుంది. ఆ వేళకి అక్కడ రోడ్డు కనిపించదు, సైకిళ్లే కనిపిస్తాయి. పెడలు తొక్కాను. దూది దిండు తొక్కినట్టు మెత్తగా అడుక్కి పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ దిండే. హ్యాండు బ్రేకు లాగాను. అది పట్టుకునేదీ నేను గ్రీజు రాసిన షూలనే.

నా ముందు సైకిలు మీద ఒక బెంగాలీ బాబు వెనక్కి తిరిగి చూసి “ఓ దాదా, థామున్! థామున్!” అని అరిచాడు. ఆగండి, ఆగండి అని. ఆ సలహాతో నాకు ఏ పేచీ లేదు.

నా కింద పనిచేసే ఖలాసీలు అటూ ఇటూ విడిపోయి దారి ఇచ్చారు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చినప్పుడు కూడా అంత చక్కగా దారి ఇవ్వరు. మనుషులకి తగలకూడదని స్టీరింగు ఎడమకి తిప్పాను. అక్కడ జోగమ్మ పాక ఉంది. పాక ముందు మనిషెత్తున పేర్చిన పిడకల కుప్ప ఉంది. కారు అందులోకి బానెట్టు దాకా దూరి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది భగవంతుడి దయ. జోగమ్మ బయటికి వచ్చి, కారు చూసి, నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“వాక్యూం బాబూ, నీ బండికి పిడకలే బ్రేకులేటి? ముందే సెప్పుంటే పచ్చివి కూడా ఏసుందును గదా, మెత్తగా ఆగేది!”

మూడు వందల మంది నవ్వారు. అందులో సగం మందికి నేనే బ్రేకుల పని నేర్పాను.

ఆలిస్ దొరసానికి ఈ కబురు నాకన్నా ముందే చేరింది. నేను కారు తోయించుకుని ఇల్లు చేరేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. లేచి వచ్చి, హెడ్‌లైటుకి అంటిన పిడక పొడి తన చేతిరుమాలుతో తుడిచింది. “నైన్‌టీన్త్, వెంకట్” అని మాత్రం అని వెళ్లిపోయింది. మూడు వందల మంది నవ్వు ఎలాగో భరించాను. ఆ రుమాలు మాత్రం భరించలేకపోయాను.

బావగారూ, ఉత్తరాలతో ఈ పని అయ్యేది కాదు. మీరే రండి. రెండు రోజులు చాలు. మీకు చేతిలో పని.

ఇట్లు,
సిగ్గు పూర్తిగా విడిచిన మీ బావమరిది,
వెంకటరావు

తా.క. వాక్యూం అన్న పేరు పోయింది. ఇప్పుడు నన్ను పిడకల వెంకటరావు అంటున్నారు.


విజయనగరం,
28 జూలై 1962.

(కార్డు)

చిరంజీవి వెంకటరావుకి,

రావాలనే ఉంది. నడుం పట్టేసింది. లేవలేకుండా ఉన్నాను. షెడ్డులో పని కూడా ఊపిరాడనివ్వడం లేదు. భగవంతుణ్ణి నమ్ముకుని నువ్వే ప్రయత్నించు.

ఇట్లు,
దేముడు

తా.క. తమ్ముడూ, పోలమ్మని. ఆయన నడుం బాగానే ఉంది. నిన్న కొబ్బరి చెట్టెక్కినారు. నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదు. ఎందుకో అడిగితే చెప్పడం లేదు.


ఖరగ్‌పూర్,
21 ఆగస్టు 1962.

పూజ్యులైన బావగారి పాదాలకి వెంకటరావు నమస్కరించి రాసేది.

మీరు ఎందుకు రాలేదో నాకు తెలుసు. అప్ప రాసిన ముక్క చదవగానే అర్థమైంది. ముప్పై ఏళ్ల కిందట పంక్తిలో నేనన్న మాట మిమ్మల్ని ఇంకా గుచ్చుతోంది. గుచ్చకపోతే ఆశ్చర్యపడాలి. ఇరవై రెండేళ్ల వాణ్ణి, కొత్తగా రైల్వే బొత్తాల కోటు తొడుక్కున్నాను. ఆ కోటు వేసుకున్న నోటికి బ్రేకు లేదు. తప్పయిపోయింది, బావగారూ. ఇది కాగితం మీద రాసి ఇస్తున్నాను, ఎవరికైనా చదివి వినిపించండి.

ఇక కారు సంగతి. ఆగస్టు పన్నెండు, ఆదివారం. నేను షెడ్డులో కారు పక్కన పీట వేసుకుని ఊరికే కూర్చున్నాను. చేసేదేమీ తోచలేదు. చర్చి గంట కొట్టిన కాసేపటికి ఆలిస్ దొరసాని అక్కణ్ణుంచి తిన్నగా వచ్చింది. తలమీద టోపీ కూడా తీయలేదు.

“గాలి తీసేటప్పుడు పెడలు ఎవరు తొక్కారు?” అని హిందీలో అడిగింది.

గాలి తీయలేదు, పంపు కొట్టానని చెప్పాను. ఆమె గోడ పట్టుకుని నవ్వింది. దొర పోయాక ఆమె నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. తర్వాత కళ్లు తుడుచుకుని, “యే ఏక్ ఆద్మీ కా కామ్ నహీ, వెంకట్” అంది. ఇది ఒక్క మనిషి చేసే పని కాదట. ఇరవై ఏళ్ల పాటు దొర కారు కింద పడుకునేవారట. పైన కూర్చుని పెడలు తొక్కింది ఆమేనట.

ఆమె చెప్పినట్టే చేశాను. గ్రీజు తాగిన లైనింగులు పీకేసి, మీరు పంపిన దాంట్లో మిగిలింది వేశాను. డ్రమ్ములు పెట్రోలుతో కడిగాను. ఆముదం వంపేసి, కలకత్తా నుంచి అసలు బ్రేకు నూనె తెప్పించి పోశాను. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. నేను కారు కిందికి దూరాను. పెడలుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలు. ఆమె మూడుసార్లు తొక్కి, నాలుగోసారి అలాగే నొక్కిపట్టి “డౌన్!” అనాలి. నేను చక్రం వెనకాల ఉన్న చిన్న మర విప్పాలి. నూనెతో పాటు బుడగలొస్తాయి. ఆమె కాలు తీసేలోగా మళ్లీ బిగించాలి.

బుడగలు! అన్నీ నేను సైకిలు పంపుతో కొట్టిన బుడగలే. బుడబుడమని నన్నే ఏదో అంటున్నట్టు వచ్చాయి.

మూడో చక్రం దగ్గర “డౌన్” అన్న మాట రాలేదు. కింద నుంచి ఆమె బూటు ఒక్కటే నాకు కనిపిస్తోంది. అది పెడలు మీద కదలకుండా ఉండిపోయింది. స్పానరు పట్టుకుని అలాగే పడుకున్నాను. కొంతసేపటికి ముక్కు చీదిన చప్పుడు, ఆ తర్వాత “డౌన్, వెంకట్” అన్న మాటా వినిపించాయి. విప్పాను.

నాలుగో చక్రం అయ్యాక పెడలు తొక్కి చూశాను. దిండు పోయింది. రాయి మీద కాలు పెట్టినట్టుంది.

పందొమ్మిదో తారీఖున గంగాభవాని తనంతట తానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. “దొరసాని దీదీ ఎక్కినాక నాను ఎక్కకపోతే బాగుండదు” అంది. స్టేషను దగ్గర మలుపులో ఒక మేక అడ్డం వచ్చింది. తొక్కాను. కారు నిలబడిపోయింది. దొరసాని టోపీ ముందుకు జారి కళ్ల మీద పడింది. అది సర్దుకోకుండానే “గుడ్ బ్రేక్స్” అంది. మేక నిదానంగా వెళ్లిపోయింది. మేము మాత్రం కాసేపు అక్కడే ఉన్నాం.

ముందు గాలి తియ్యమని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. విననిది నేను. తప్పంతా నాది, విద్య అంతా మీది.

ఇట్లు,
మీ శిష్యుడు,
వెంకటరావు

తా.క. జోగమ్మ పిడకల కుప్ప మళ్లీ పేర్చింది, రోడ్డుకి నాలుగు గజాలు ఎడంగా. బ్రేకులు బాగయ్యాయని చెప్పాను. “ఆయ్, మంచిదే బాబూ” అని ఇంకో గజం జరిపింది.


విజయనగరం,
29 ఆగస్టు 1962.

ప్రియమైన వెంకటరావుకి, మీ బావ దేముడు సిగ్గుపడుతూ రాసేది.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించమన్నావు. టీ కొట్టు దగ్గర జనం కూడారు కూడా. “పూజ్యులైన” దాకా చదివాను. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పి లోపలికి వచ్చేశాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

వెంకటరావూ, కారు బ్రేకు డ్రమ్ము లోపల ఏముంటుందో నేను ఈ జన్మలో ఎప్పుడూ విప్పి చూడలేదు.

నా పని బండి బరువు మోసే కమాను పట్టీలు. లారీ కింద పట్టీ విరిగితే నా అంతవాడు ఈ జిల్లాలో లేడు. బ్రేకుల పనంతా మా మేస్త్రీ ఎర్రయ్య చూసుకునేవాడు. రెండేళ్ల కిందట రాయపూరు వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ బ్రేకుల కోసం వచ్చిన వాళ్లని పక్క షెడ్డుకి పంపేస్తున్నాను. నీకు రాసినవన్నీ ఎర్రయ్య పని చేస్తుంటే పక్కన బీడీ కాల్చుకుంటూ విన్న ముక్కలు. గ్రీజు సంగతి అతను చెప్పింది కూడా కాదు, అది కమాను పట్టీలకి నేను రాసే వైద్యం. గాలి తియ్యాలని విన్నాను. ఎక్కడి నుంచి తియ్యాలో వినలేదు. చెల్లెమ్మ టైర్లలో తీసిందని నువ్వు రాస్తే, అదే అయివుంటుందని అనుకున్నాను.

తెలియదని ఒక్క ముక్క రాసివుంటే నువ్వు పిడకల్లోకి పోయేవాడివి కాదు. కానీ ముప్పై ఏళ్లలో నువ్వు నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. కార్డు మీద “నాకు తెలియదు” అని రెండుసార్లు రాశాను కూడా. రెండుసార్లూ చించేశాను. పంక్తిలో నువ్వన్న మాట నన్ను గుచ్చిన మాట నిజమే. గుచ్చింది నువ్వు నా పనిని తక్కువ చేశావని కాదు, నా పనేమిటో ఇన్నేళ్లలో నీకు నేనెప్పుడూ సరిగ్గా చెప్పుకోలేదని. వచ్చి ఉంటే కారు కింద దూరి, ఏమీ తోచక నీ మొహం చూడాల్సి వచ్చేది. అందుకే నడుం పట్టేసింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నీ ఉత్తరాలు విన్న టీ కొట్టు జనం ఊరుకోలేదు. ఖరగ్‌పూర్ రైలు వాళ్లే మన దేముణ్ణి అడిగి బ్రేకులు వేసుకుంటున్నారని ఊరంతా చాటారు. దాంతో వకీలు ఈశ్వరరావుగారు పోయిన సోమవారం తన కారు తోయించుకుని మా షెడ్డుకి వచ్చారు. పాత మోరిసే. బ్రేకులు లేవు. వద్దందామని నోరు తెరిచాను. చుట్టూ పదిహేను మంది నిలబడి ఉన్నారు. “బ్రేకులే కదా” అన్నాను.

నాలుగు చక్రాలూ ఊడదీశాను. స్ప్రింగులు ఎనిమిది ఎగిరి ఎటో పడ్డాయి. ఆరు దొరికాయి. కారు దిమ్మల మీద ఉంది. వచ్చే నెల పదో తారీఖుకి వాళ్లింట్లో పెళ్లికొడుకుని అందులో ఊరేగించాలట.

కాబట్టి బావా, నేను నిన్ను అడుగుతున్నాను. కాస్త రాయి. రాయడం కూడా వద్దు, మెయిలెక్కి వచ్చెయ్యి. కిందికి నువ్వు దూరు. పైన కూర్చుని తొక్కడానికి నేనున్నాను. నా నడుం బాగానే ఉంది.

ఇట్లు,
మీ బావ,
దేముడు
(కమాను పట్టీలు మాత్రమే)

తా.క. మా షెడ్డు మీద “అన్ని రకముల మోటారు పనులు” అని పెద్ద బోర్డు ఉంది. ఎర్రయ్య ఉన్న రోజుల్లో రాయించింది. చెరిపించడానికి పెయింటరుకి కబురు పెట్టాను. వచ్చే వారం శుక్రవారం వస్తానన్నాడు. నువ్వు గురువారం దిగితే చెరపక్కర్లేదు.